గన్నవరం నుంచి డల్లాస్‌కి 21 గంటలే అంటే నమ్మకండి

అమెరికాలో పిల్లల దగ్గరికి పెద్దవాళ్లను పంపేవాళ్లు టికెట్ కొనేముందు ఇది చదవండి.

మా చెల్లి పురిటికని ఏప్రిల్లో అమ్మానాన్నల్ని డల్లాస్ పంపించాను. టికెట్లు గుంటూరు బ్రాడీపేటలో ఒక ట్రావెల్స్‌లో తీసుకున్నాను. "మిగతావన్నీ 30 గంటల పైనే సార్, ఇది 21 గంటలే. అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా" అని మనిషికి 18 వేలు ఎక్కువ తీసుకున్నాడు. కంప్యూటర్ నావైపు తిప్పి చూపించాడు కూడా: గన్నవరం నుంచి డల్లాస్ సుమారు 14,500 కిలోమీటర్లు, విమానంలో 16 గంటలు. మధ్యలో ఆగేదానితో 21. సరిపోయిందనుకున్నాను.

ఆ 14,500 గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే వచ్చే దూరం. గంటకి 900 చొప్పున భాగించి 16 అంటారు. అలా నేరుగా డల్లాస్ వెళ్లే విమానం గన్నవరం సంగతి అటుంచి, హైదరాబాద్ నుంచే లేదు.

మరి 21 ఎక్కడిది? సోమవారం రాత్రి 7కి గన్నవరంలో ఎక్కడం, మంగళవారం సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగడం. వేళ్ల మీద లెక్కపెడితే 21 గంటలే. కానీ 7 మన టైము, 4 వాళ్ల టైము! ఏప్రిల్లో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అది కలిపితే 31న్నర గంటలు. దారి గన్నవరం-ఢిల్లీ-దోహా-డల్లాస్, అందులో ఒక్క దోహా-డల్లాస్ విమానమే 16 గంటలు. అమ్మకి షుగర్. ఇన్సులిన్, తినేవి 21 గంటల లెక్కన సర్దింది నేనే.

అసలు దెబ్బ గన్నవరం కౌంటర్ దగ్గర తగిలింది. ఢిల్లీ దాకా ఒక పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు), అక్కణ్ణుంచి ఇంకొకటి, అంటే రెండూ విడి టికెట్లు. అమెరికా టికెట్ మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఢిల్లీ టికెట్ మీద మనిషికి 15 కిలోలే. మావి 92 కిలోలు. బాలింత కారం, కందిపొడి ఉన్న పెట్టె వెనక్కి తెచ్చేసి, మిగతా 39 కిలోలకి డబ్బు కట్టాను. అమ్మ ఏడ్చింది కూడా ఆ పెట్టె కోసమే. ఢిల్లీలో నాన్న సామానంతా దించుకుని మళ్లీ అప్పజెప్పాల్సి వచ్చింది. మొదటి విమానం ఆలస్యమై ఉంటే రెండోది పోయేది, విడి టికెట్లు కాబట్టి అడిగే దిక్కు కూడా ఉండదు.

ట్రావెల్స్ అతన్ని నిలదీస్తే, "టికెట్ మీదున్న టైములే చెప్పాను సార్" అన్నాడు. పైసా వెనక్కి రాలేదు.

కాబట్టి ఎక్కే టైము, దిగే టైము రెండూ మన టైములోకి మార్చి లెక్కపెట్టండి. తిరుగు ప్రయాణంలో ఇదే తిరగబడి, ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. మొదటినుంచి చివరిదాకా ఒకే పీఎన్ఆరా, సామాను నేరుగా డల్లాస్‌లోనే దిగుతుందా అన్నది డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు.

మావాళ్ల తిరుగు ప్రయాణంలోనూ ఢిల్లీ-గన్నవరం విడి టికెట్టే. చాక్లెట్లు, సబ్బులు కొనొద్దని, 15 కిలోల్లో సర్దుకోమని ఇప్పటినుంచే ఫోన్లో చెబుతున్నాను.