స్పానిష్ పిల్ల నోట ఇంగ్లీషు మాట: అనంతపురంలో ఒక భాషా తరగతిపై సమీక్ష

నేను రాస్తున్న నవలలో ఇనేస్ అనే 14 ఏళ్ల అమ్మాయి ఉంది. ఆమెది స్పెయిన్ దేశం. పటంలో ఆమె ఊరు జరాగోజా అని కనిపిస్తుంది గాని అక్కడివాళ్లు థరగోథా అంటారు. తల్లి ఫిజియోథెరపిస్టు. బత్తలపల్లి ఆసుపత్రిలో రెండేళ్లు సేవ చేయడానికి వస్తూ కూతురినీ వెంట తీసుకొస్తుంది. ఆ పిల్లకు తెలుగు బొత్తిగా రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. మూడు అధ్యాయాలు రాసి, వారం పక్కన పెట్టి, మళ్లీ చదువుకున్నప్పుడు నన్ను బాధపెట్టిన లోపం ఒకటి కనిపించింది. ఇనేస్ మాట్లాడే తప్పుల ఇంగ్లీషు అచ్చం మన కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఇంటర్ విద్యార్థి ఇంగ్లీషులాగే ఉంది. ఆ తప్పులన్నీ తెలుగు తప్పులు. స్పానిష్‌లో పుట్టి పెరిగిన పిల్ల అలాంటి తప్పులు చేయదు.

ఆ లోపం దిద్దుకోవడానికి సాయినగర్‌లో ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని తన ఇంటి మేడ మీద నడుపుతున్న తరగతిలో మూడు నెలలు చదువుకున్నాను. ఈ సమీక్ష ఆ తరగతి గురించి. గదిలో పన్నెండు మందికి మించి చోటు లేదని, ఉన్నవారికే సమయం చాలడం లేదని ఆమె చెప్పడం వల్ల పేరూ చిరునామా రాయడం లేదు. శని, ఆదివారాల్లో సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర వరకు మొత్తం 24 తరగతులు, రుసుము 6,000 రూపాయలు.

అనంతపురంలో స్పానిష్ ఏమిటని బయటి జిల్లాలవారు అడగవచ్చు గాని, మా ఊరివారికి ఆ సందేహం రాదు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్, ఆయన భార్య ఆన్ ఫెర్రర్ కలిసి 1969లో ఇక్కడ మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థనే మేము ఆర్డీటీ అంటాం. 2009లో ఆయన కన్నుమూసింది కూడా ఈ ఊళ్లోనే. ఏళ్ల తరబడి స్పెయిన్ నుంచి వైద్యులు, నర్సులు, దాతలు వచ్చిపోతూ ఉండటం వల్ల, వారి వెంట పల్లెలకు వెళ్లి మాట అందించే దుభాషీల అవసరం ఏర్పడింది. పల్లెల్లో డిగ్రీ చదివిన పిల్లలకు విదేశీ భాషలు నేర్పే పాఠశాలను కూడా ఆ సంస్థే నడుపుతోంది. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ పేరిట ఉన్న ఫౌండేషన్ 2010లో ఇక్కడ తెరిచిన కేంద్రంలో పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు కూడా చెబుతారు. అందుకే మా తరగతిలో ఉన్నవారిలో ఎక్కువమంది దుభాషి ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న అమ్మాయిలు, అబ్బాయిలు. ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారి కొడుకు ఒకతను వచ్చేవాడు. కథ కోసం వచ్చింది నేనొక్కతెనే.

ఈ తరగతిని మిగతా వాటి నుంచి వేరుచేసేది దాని పద్ధతి. స్పానిష్, ఇంగ్లీషు, తెలుగు మూడింటినీ ఎప్పుడూ పక్కపక్కనే పెట్టి చూపిస్తారు. ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రంలో చేరినప్పుడు వారు చేయించిందల్లా రోజుకు ఇరవై వాక్యాలు బట్టీ పట్టించడమే. తప్పు ఎందుకు వస్తోందో అక్కడ ఎవరూ ఒక్కసారైనా చెప్పలేదు. ఇక్కడ మేడమ్ మొదటి రోజునే బల్ల మీద నుంచి పల్చటి టిష్యూ కాగితం ఒకటి చింపి, ఒక్కొక్కరి పెదవుల ముందు వేలాడదీసి, ‘పిన్ను’ అనమన్నారు. పదకొండు మంది అన్నాం. కాగితం కదలలేదు. తర్వాత ఫోనులో ఒక ఇంగ్లండు ఆవిడ ఉచ్చారణ వినిపించి, ఆవిడలాగే ‘ప’ మీద కొంచెం ఊపిరి వదులుతూ తానే పలికి చూపించారు. కాగితం చివర ఎగిరి ముక్కుకు తగిలింది. “స్పానిష్ పిల్ల పలికినా కాగితం కదలదు. ఈ ఒక్క విషయంలో మీరూ ఆ పిల్లా అక్కాచెల్లెళ్లే” అన్నారు. నా నోటుపుస్తకంలో ఇనేస్ పేరుతో తెరిచిన పేజీలో రాసుకున్న మొదటి వాక్యం అదే.

రెండో వాక్యం నా నవలనే మార్చేసింది. ఇంగ్లీషు ‘టీ’ అక్షరాన్ని మనం ‘ట’ అని పలుకుతాం. స్పానిష్‌వారు దాన్ని పళ్లకు నాలుక ఆనించి ‘త’ అంటారు. ‘డ’ దగ్గరా ఇంతే, వారిది ‘ద’. ఈ తేడాను ఇంగ్లీషు లిపిలో రాసి చూపించడం కుదరదు, తెలుగు లిపిలో ఒక్క అక్షరంతో తేలిపోతుంది. మేడమ్ బోర్డు మీద రెండు వరుసలు రాశారు. పైవరుస మన పిల్లది: ‘ఇట్ ఈజ్ వెరీ హాట్.’ కిందివరుస ఇనేస్‌ది: ‘ఇస్ బెరి ఖొత్.’ మే నెలలో అనంతపురంలో దిగిన ఏ కొత్త మనిషైనా అనే మాటే అది. కింది వరుసలో ఎన్ని సంగతులున్నాయో చూడండి. వాక్యానికి కర్త లేదు. ఎండ గురించి గాని వాన గురించి గాని చెప్పేటప్పుడు స్పానిష్‌లో కర్త అవసరం రాదు. ‘జ్’ కాస్తా ‘స్’ అయింది. ‘వ’, ‘బ’ రెండింటికీ స్పానిష్‌లో ఒకటే ధ్వని కావడంతో ‘వెరీ’ కాస్తా ‘బెరి’ అయింది. రాతలోని ‘హ’ స్పానిష్‌లో మూగ అక్షరం. కాబట్టి ఇంగ్లీషులో దాన్ని పలకాల్సి వస్తే ఆ పిల్ల గొంతులోంచి గరుకుగా ‘ఖ’ తీస్తుంది. చివరగా ఆ ‘త’. నాలుగు మాటలైనా లేని వాక్యంలో ఒక దేశం వినిపించింది.

మరుసటి వారం పాఠం ఇంకా బాగుంది. ఇంగ్లీషు మాటకు మనం వెనక తోక తగిలిస్తాం: బస్సు, కారు, రోడ్డు. స్పానిష్‌వారు ముందు తల తగిలిస్తారు. ‘స’ తర్వాత వెంటనే మరో హల్లు వచ్చే మాట వారి భాషలో మొదలు కాదు. బడి వారికి ‘ఎస్కువేలా’, వారి దేశం ‘ఎస్పాన్యా’. అందుకే ఇంగ్లీషు ‘స్కూల్’ ఇనేస్ నోట ‘ఎస్కూల్’ అవుతుంది. ఇది వినగానే ధర్మవరం అబ్బాయి, “మేడమ్, మా అవ్వ కూడా ఇస్కూలనే అంటుంది, ఇస్టేషననే అంటుంది” అన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ అవ్వ, ఆ స్పానిష్ పిల్ల ఎదురెదురుగా కూర్చుని ‘ఇస్కూలు’, ‘ఎస్కూల్’ అనుకునే సన్నివేశం నా నాలుగో అధ్యాయంలోకి వచ్చింది. అది ఆ అబ్బాయి ఇచ్చిన కానుక అని ఇక్కడ చెప్పుకోవాలి.

అచ్చుల పాఠం త్వరగా ముగిసింది, మనకు అది సులువు కనుక. స్పానిష్‌లో అచ్చులు అయిదే, హ్రస్వ దీర్ఘ భేదం లేదు. పైగా ‘ష’ కూడా లేకపోవడంతో ఓడ, గొర్రె, చిప్పు, చవక అనే నాలుగు అర్థాల ఇంగ్లీషు మాటలు షిప్, షీప్, చిప్, చీప్ అన్నీ ఇనేస్ నోట ఒక్కలాగే పలుకుతాయి. మన ఒకటో తరగతి పిల్లలు గుడింతాలతోనే ఈ తేడా నేర్చేసుకుంటారు.

వ్యాకరణం మీద ఆరు తరగతులు జరిగాయి. నాకు ఎక్కువ పనికొచ్చినవి మూడు సంగతులు. వయసు చెప్పడానికి స్పానిష్‌లో ‘కలిగి ఉన్నాను’ అనే క్రియ వాడతారు, అందువల్ల ఇనేస్ ‘ఐ హావ్ ఫోర్తీన్ ఇయర్స్’ అంటుంది. మనం ‘నాకు పద్నాలుగేళ్లు’ అంటాం కనుక మన పిల్లలు పడే తడబాటు వేరు. రంగు, గుణం చెప్పే మాట స్పానిష్‌లో ఎక్కువగా నామవాచకం తర్వాత వస్తుంది. ‘తెల్ల ఇల్లు’ వారికి ‘ఇల్లు తెల్ల’. తెలుగు పిల్ల ఈ తప్పు కలలో కూడా చేయదు, నా మొదటి రాతలో ఇనేస్ కూడా చేయలేదు, అదే నా పొరపాటు. మూడోది, స్పానిష్‌లో అతని, ఆమె అనే రెండింటికీ ‘సు’ అనే ఒకే మాట ఉంది. అందుకని ఇనేస్ తన స్నేహితురాలి గురించి చెబుతూ ఇంగ్లీషులో ‘అతని తల్లి’ అనేస్తుంది.

పదాల దగ్గర మేడమ్ చెప్పిన మాట నేను ఎక్కడా వినలేదు. ఇంగ్లీషులోని బరువైన మాటల్లో చాలా భాగం లాటిన్ నుంచి వచ్చినవే, స్పానిష్ ఆ లాటిన్ కూతురే. కాబట్టి మన విద్యార్థి నిఘంటువు తీసి వెతికే ‘నెసెసరీ’, ‘డిఫికల్టీ’, ‘యూనివర్సిటీ’ వంటి మాటలు ఇనేస్‌కు ఇంటి మాటల్లా తోస్తాయి. ఆమెను ఏడిపించేవి ‘గెట్ అప్’, ‘పుట్ ఆఫ్’, ‘గివ్ అప్’ వంటి చిన్నచిన్న జంటలు. అంటే ఆ పిల్ల ఇంగ్లీషు తప్పులతో నిండి ఉన్నా కొన్నిచోట్ల ప్రొఫెసరు మాటలా వినిపిస్తుంది. ఈ చుట్టరికం మోసం కూడా చేస్తుంది. స్పానిష్‌లో ‘ఎంబరసాదా’ అంటే సిగ్గుపడినది కాదు, గర్భవతి. ‘కోన్‌స్తిపాదో’ అంటే జలుబు చేసినవాడు, దాన్ని పోలిన ఇంగ్లీషు మాట ‘కాన్‌స్టిపేటెడ్’కు అర్థం మలబద్ధకం ఉన్నవాడు. ఇంగ్లీషు తెలిసిన మన నర్సమ్మ ముందు ఒక స్పానిష్ పిల్ల రెండో మాటను ఇంగ్లీషు చేసి చెబితే ఏ మందు చేతికొస్తుందో ఆలోచించండి.

యౌవనదశలో భాష ఎలా పట్టుబడుతుందన్న భాగానికి రెండే తరగతులు కేటాయించారు, అది చాలలేదు. చెప్పినంతవరకు విలువైనదే. నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లీషువారిపై 1978లో వెలువడిన పరిశోధనలో మొదటి నెలల్లో చిన్నపిల్లల కంటే, పెద్దల కంటే 12 నుంచి 15 ఏళ్ల వారే ముందున్నారని, సుమారు 6,70,000 మందిని పరీక్షించి 2018లో ప్రచురించిన అమెరికా పరిశోధనలో వ్యాకరణం పట్టుకునే శక్తి దాదాపు 17 ఏళ్ల వరకు తగ్గదని తేలిందని వివరించారు. ఇనేస్ వయసుకు ఇది సరిగ్గా సరిపోతుంది. స్పెయిన్‌లో ఇంగ్లీషు ప్రాథమిక పాఠశాలలోనే మొదలవుతుంది కనుక ఆమె ఏమీ రాకుండా రాదు, చదవగలదు, రాయగలదు. చెవికి మాత్రం అలవాటు తక్కువ. విదేశీ చిత్రాలకు స్పానిష్ మాటలు అతికించే ప్రదర్శించాలని 1941లో అక్కడి ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. ఆ నిర్బంధం పోయినా డబ్బింగు అలవాటు నిలిచిపోయి, హాలీవుడ్ నటులు అక్కడ స్పానిష్‌లోనే మాట్లాడుతుంటారు. తెలుగు డబ్బింగుతో పెరిగినవారికి ఇది వివరించనక్కరలేదు.

లోపాలు కూడా దాచకుండా చెప్పాలి. వినిపించే ధ్వనులన్నీ మెక్సికో వారివే. స్పెయిన్ మధ్య, ఉత్తర ప్రాంతాల వారు ‘థ’ను చక్కగా పలుకుతారు, థరగోథా అన్న పేరులోనే అది రెండుసార్లు ఉంది, కాబట్టి ‘థాంక్యూ’ ఇనేస్‌కు నల్లేరు మీద నడక. మెక్సికో పిల్లకు అది కష్టం. ఈ తేడా నేను అడిగిన తర్వాతే చెప్పారు. నవల రాసేవారికి పాత్ర ఏ దేశానిదో తేలకుండా ఈ పాఠం సగమే ఉపయోగపడుతుంది. ముద్రించి ఇచ్చిన పుస్తకంలో అచ్చుతప్పులు ఎక్కువ, స్పానిష్ అక్షరాల మీద గుర్తులు చాలాచోట్ల ఎగిరిపోయాయి. తరగతి అయిదింటికని చెప్పి అయిదూ ఇరవైకి మొదలైన రోజులు కనీసం ఎనిమిది ఉన్నాయి. కరెంటు పోతే మేడ గదిలో కూర్చోవడం కష్టం, ఇన్వర్టరు లేదు. జ్వరంతో నేను మానేసిన రెండు తరగతులను తర్వాతి బ్యాచిలో వినే వీలు అడిగితే కుదరదన్నారు. ఇది న్యాయంగా అనిపించలేదు.

అయినా దుభాషి పనికి సిద్ధమయ్యేవారికి, ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు, విదేశీ పాత్రను రాయబోయేవారికి ఈ తరగతిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఉద్యోగ ఇంటర్వ్యూ కోసం నెలలో మాట్లాడటం రావాలనుకునేవారికి ఇది తగదు.

తరగతితో సంబంధం లేకుండా, 1,500 రూపాయలకు మేడమ్ రాతప్రతి చదివి దిద్దిపెడతారు. నా తొమ్మిది అధ్యాయాలూ ఇచ్చాను. ఇరవై రోజులకు తిరిగొచ్చిన కట్టలో మొదటి అధ్యాయాల్లో ఎర్ర సిరా చాలా ఉంది: ‘ఇది మన పిల్ల తప్పు, ఆ పిల్లది కాదు’ అన్న మాట ఏడుచోట్ల కనిపించింది. తొమ్మిదో అధ్యాయానికి వచ్చేసరికి నేను జాగ్రత్తపడి ఇనేస్ మాటలన్నిటిలో ‘త’ పెట్టాను. గడియారస్తంభం దగ్గర ఆటో అతనితో ‘వెయిత్ అన్నా, తెన్ మినిత్స్ ఓన్లీ’ అంటుంది. మేడమ్ ఆ ‘త’లన్నిటినీ కొట్టేసి ‘ట’లు చేసి, పక్కన ఇలా రాశారు: ‘వచ్చి రెండేళ్లయింది, ఇక్కడి పిల్లల మధ్య నేర్చుకున్న ఇంగ్లీషు ఇది. వాళ్లమ్మ మాటల్లో మాత్రం త అలాగే ఉంచండి.’