స్పీకర్ వైరు: ఉత్త తీగా, బనానా ప్లగ్గా?

శబ్దంలో రెండింటికీ తేడా వినపడదు. తేడా అంతా బిగించడంలోనే.

ఉత్త తీగకు అదనపు ఖర్చు లేదు. ఒక సెంటీమీటరు మేర తొడుగు ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి, ఆంప్లిఫయర్, స్పీకర్ల వెనక తీగ తగిలించే టెర్మినల్‌లో బిగిస్తే చాలు. టెన్షనల్లా ఒక్కటే: వెంట్రుకంత పోగు తప్పించుకుని పక్క టెర్మినల్‌కు తగిలినా షార్టయి ఆంప్లిఫయర్ పాడవచ్చు.

బనానా ప్లగ్ అంటే తీగ చివర తొడిగి, టెర్మినల్‌లో గుచ్చే చిన్న లోహపు మొన. ఆ పోగులు దాని లోపలే ఉంటాయి. షెల్ఫ్ వెనక, కన్ను ఆనని చోట కూడా తడుముకుంటూ గుచ్చెయ్యొచ్చు. సెట్టు తరచూ కదిలించేవాళ్లకు ఇదే నయం. కానీ స్ప్రింగ్ క్లిప్పులున్న చిన్న స్టీరియోల్లో ఇది మామూలుగా పట్టదు, అక్కడ ఉత్త తీగే గతి. ఒకసారి బిగించి మరిచిపోయేవాళ్లకూ నా ఓటు దానికే.

ఏది వాడినా ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. ఒక్క స్పీకర్‌లో తారుమారైతే బేస్ పలచబడిపోతుంది.