స్టెర్బెన్ మూలం వెతికితే: డీడబ్ల్యూడీఎస్ నిఘంటువు సమీక్ష

డీడబ్ల్యూడీఎస్ అనేది బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ సైన్స్ అకాడమీ ఉచితంగా నడిపే జర్మన్ నిఘంటువు. జర్మన్, ఇంగ్లీషు, డచ్‌ల కుటుంబమైన జర్మానిక్ భాషల్లో ఒక క్రియ పుట్టుపూర్వోత్తరాలు కావాలంటే మొదట తెరవాల్సింది దీన్నే. ‘చనిపోవడం’ అనే అర్థమున్న స్టెర్బెన్‌తో పరీక్షిస్తే దీని బలమూ, లోటూ రెండూ బయటపడతాయి.

మాట టైప్ చేయగానే స్టిర్ప్ట్, స్టార్ప్, గెస్టోర్బెన్ రూపాలు పైనే కనిపిస్తాయి. ఆ తర్వాతి నేటి అర్థాలు దాటి ‘ఎటిమొలొగీ’ విభాగానికి వెళ్లండి. వోల్ఫ్‌గాంగ్ ఫైఫర్ సారథ్యంలో తయారై 1989లో తొలిసారి అచ్చయిన వ్యుత్పత్తి నిఘంటువు పాఠం అది. అసలు సరుకంతా అక్కడే ఉంది. ఈ క్రియకు మూలార్థం కొయ్యబారిపోవడం. పాత నార్స్‌లో, అంటే ఒకప్పటి స్కాండినేవియా భాషలో, దీని చుట్టమైన ‘స్ట్యార్ఫి’ అంటే ధనుర్వాతం! జర్మన్ స్టెర్బెన్, డచ్ స్టెర్వెన్‌లలో చావు అర్థమే నిలిచింది. పాత ఇంగ్లీషు ‘స్టెయొర్ఫన్’కూ అదే అర్థం ఉండేది, అది ‘స్టార్వ్’ అయ్యాక ఆకలిచావుకు, ఆపైన ఆకలితో అలమటించడానికి పరిమితమైంది. చావు చెప్పే పని ‘డై’కి దక్కింది. ఆ మాట నార్స్ నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మరో పాత జర్మానిక్ భాష గోథిక్ పాఠాల్లో మాత్రం స్టెర్బెన్‌కు జోడీ దొరకదు.

చదవడం అంత సులువేమీ కాదు. వివరణంతా జర్మన్‌లోనే, అదీ పొడి అక్షరాల్లో. ‘ఏహెచ్‌డీ’ అంటే పాత ‘హై’ (దక్షిణాది) జర్మన్. ‘ఎంఎన్‌డీ’ మధ్యయుగపు ‘లో’ (ఉత్తరాది) జర్మన్ అయితే, ‘ఎంఎన్‌ఎల్’ మధ్యయుగపు డచ్. కంగారులో చూస్తే ఈ రెండూ తారుమారవుతాయి. ముందు చుక్కగుర్తు (*) ఉన్న రూపం ఏ రాతలోనూ దొరికింది కాదు, పండితులు ఊహించి కట్టింది. బ్రౌజర్ అనువాదం ఆపేయండి, లేకపోతే ఉదహరించిన పాత రూపాలను కూడా అది అనువదించిపడేస్తుంది.

ఈ భాషలన్నిటికీ మూలమైన ఇండో-యూరోపియన్ ధాతువులు పాత పద్ధతిలోనే ఉన్నాయి, లారింజియల్ ధ్వనుల (ఆ మూలభాషలో ఉండేవని నేటి పండితులు చెప్పే హల్లుల) గుర్తులు ఉండవు. ఈ పాఠానికి వయసైపోయిందనిపించేది అక్కడే. ఇంగ్లీషు అర్థం ఎప్పుడు మారిందో తెలియాలంటే డగ్లస్ హార్పర్ వ్యుత్పత్తి వెబ్‌సైట్ ఎటిమాన్‌లైన్, డచ్ కోసం అలాంటిదే అయిన ఎటిమొలొగీబాంక్ పక్కన పెట్టుకోవాలి. రెండూ ఉచితమే.

1600 నుంచి సాగే వాడుక రేఖాచిత్రం చూడముచ్చటగా ఉంటుంది. అయితే అది చూపేది మాట ఎంత తరచుగా వచ్చిందన్నదే. అర్థం మారిందా లేదా అన్నది దాన్నిబట్టి తేల్చకండి.