అరకు అరబికా కాఫీ: గింజ మంచిదే, ప్యాకెట్ చూసి కొనండి

చికోరీ వేరు పొడి కలిపిన కాఫీకి అలవాటుపడ్డ నాలుకకు అరకు అరబికా మొదటి రోజు పలచగా తోస్తుంది. తప్పు గింజది కాదు, కొలతది. ఫిల్టర్లో 20 గ్రాముల పొడి వేసి, నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి 120 మిల్లీలీటర్లు పోయండి. డికాక్షన్ దిగడానికి పావుగంట పట్టాలి. ఐదు నిమిషాల్లో దిగిపోతే పొడి బరకగా ఉన్నట్టు, అరగంటైనా దిగకపోతే మరీ మెత్తగా పట్టించినట్టు. పాలు డికాక్షన్‌కి రెట్టింపు దాటకూడదు. అప్పుడే ఆ సన్నటి పులుపు, వెనకే వచ్చే తీపి తెలుస్తాయి.

గొంతులో వగరు మిగిలిందంటే పచ్చికాయలు కలిశాయేమో అనుమానించాలి. ఎర్రటి పండ్లే ఏరి, అదే రోజు తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఎండబెడితే మంచి పార్చ్‌మెంట్ గింజ వస్తుంది. అందుకు ఒకే మొక్క దగ్గరికి చాలాసార్లు వెళ్లాలి. ఈ వారమే డబ్బు కావాల్సిన రైతు కొమ్మంతా ఒకేసారి దూసేస్తాడు.

ఆ అవసరాన్నే గంజాయి దళారీ పట్టుకుంటాడు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు కొండల్లో కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. శీలావతి రకం గంజాయి కొన్ని నెలల్లోనే చేతికొస్తుంది. విత్తనం, అడ్వాన్సు దళారీయే తెస్తాడు, సరుకూ ఊళ్లోనే కొంటాడు. రోడ్డు సరిగా లేని గూడేనికి అంతకన్నా దగ్గరి బేరం లేదు. లాభం పై మెట్ల వాళ్లది. పోలీసులకు దొరికేది పండించినవాడు, మూట మోసిన కుర్రాడు. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, బెయిల్ కూడా కష్టం. 2021-22లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు 7 వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించేశారు. కాఫీ కాపుకొచ్చేదాకా ఆ ఇంటిని నిలబెట్టేది పసుపు, రాజ్‌మా. వాటికి ధర సకాలంలో అందకపోతే దళారీ మళ్లీ వస్తాడు.

అందుకే, రైతుకు ధర దక్కాలంటే మరీ చవక పొడి కొనొద్దంటాను. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన పేరు అరకు అరబికా, ఎవరైనా వాడేసుకుంటారు. ప్యాకెట్ మీద చికోరీ శాతం, వేయించిన తేదీ, కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంటా, పండును తొక్కతోనే ఎండబెట్టిన చెర్రీనా అన్నది చూడండి. తేదీ లేకపోతే వదిలేయండి. పొడి కన్నా గింజలు మేలు, అదీ పావు కిలోనే. గాలి తగలని డబ్బాలో ఉంచి మూడు వారాల్లో తాగేయాలి. ఫ్రిజ్‌లో పెడితే చెమ్మ పట్టి వాసన పోతుంది.