ఫోటోఅకౌస్టిక్ చిత్రంలో నాయిస్: ఫ్రేముల సగటా, న్యూరల్ నెట్‌వర్కా?

వెలుగు పల్సు తగిలిన కణజాలం చేసే సన్నని శబ్దమే ఇక్కడ బొమ్మవుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ నాయిస్‌దే (సిగ్నల్‌లో కలిసే అనవసరపు రొదదే) పైచేయి. దాన్ని తగ్గించే దారులు రెండు: ఒకే చోట వరుసగా తీసిన ఫ్రేముల (చిత్రాల) సగటు తీయడం, లేదా చిత్రాలతో శిక్షణ ఇచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రాంతో శుభ్రం చేయించడం.

ఖర్చు: సగటుకు దాదాపు ఏమీ లేదు. నెట్‌వర్క్‌కు జీపీయూ (వేగంగా లెక్కలు చేసే గ్రాఫిక్స్ చిప్), అంతకు మించి శిక్షణకు మేలైన చిత్రాలు కావాలి. అసలు తంటా అక్కడే.

సమయం: 16 ఫ్రేములు కలిపితే సిగ్నల్, నాయిస్ నిష్పత్తి పెరిగేది 4 రెట్లే. 10 హెర్ట్జ్ (సెకనుకు 10 పల్సుల) లేజర్‌తో, పల్సుకో ఫ్రేము చొప్పున, అందుకు 1.6 సెకన్లు, ఈలోగా రోగి ఊపిరి పీలిస్తే రక్తనాళం అలుక్కుపోతుంది. నెట్‌వర్క్‌కు ఒక్క ఫ్రేమైనా చాలు.

ప్రమాదం: సగటు చెడితే మసక కళ్లకు కనబడుతుంది. నెట్‌వర్క్ మాత్రం లేని నాళాన్ని నున్నగా గీసిపెట్టగలదు. నాకు ఎక్కువ భయం దీంతోనే.

కదలని వేలికి, సెకనుకు వేల పల్సులిచ్చే ఎల్‌ఈడీ పరికరానికి సగటే మేలు. కదిలే పొట్టకు నెట్‌వర్క్, అదీ శిక్షణ చిత్రాలు అదే పరికరానివైతేనే. రక్తంలోని ఆక్సిజన్ కొలతలు మాత్రం నెట్‌వర్క్ ముట్టని ముడి సిగ్నల్ నుంచే తీయండి.