వేడెక్కితే స్టార్ట్ కాని కారు, 'సమస్య లేదు' అనే కస్టమర్ కేర్

బండి వారంటీలో ఉన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పొద్దున్నే ఒక్క తిప్పుకే అందుకుంటుంది. ఎండలో తిరిగొచ్చి పావుగంట ఆపితే మాత్రం స్టార్టర్ గిర్రున తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. అరగంట చల్లారాక మళ్లీ మామూలే. అలిపిరి తనిఖీ దగ్గర ఇంజిన్ ఆపి సామాన్లు దింపినప్పుడో, ఘాట్ ఎక్కి తిరుమలలో గదులిచ్చే సి.ఆర్.ఓ. ఆఫీసు ముందు కాసేపు ఆపినప్పుడో ఇది బయటపడుతుంది. ఐదు మార్కులకు తిరుపతి సర్వీస్ సెంటర్‌కు రెండున్నర, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒకటి.

సర్వీస్ సెంటర్ వాళ్లు మర్యాదస్తులే. కానీ బండిని రాత్రంతా అక్కడే ఉంచుకుని, తెల్లవారాక చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి 'ప్రాబ్లం కనబడలేదు' అని జాబ్ కార్డులో రాస్తారు. కనబడితేనే ఆశ్చర్యం. ఒకే ఫిర్యాదు మీద స్పార్క్ ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ కడిగారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు, చివరికి పెట్రోల్ బంకు మార్చి చూడమన్నారు. టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే ఒక టికెట్ నంబరు ఇస్తారు. ఆ టికెట్‌ను తిరిగి అదే సర్వీస్ సెంటర్‌కు పంపుతారు. బండి ఇంకా వర్క్‌షాపులో ఉండగానే 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది.

బ్యాటరీ మీదకు నెట్టనివ్వకండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండి, స్టార్టర్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే దిగకపోతే అది బాగున్నట్టే. వేడిలో మాత్రమే వచ్చే ఈ రోగానికి సాధారణంగా రెండు మూలాలు. ఒకటి క్రాంక్ పొజిషన్ సెన్సర్, అంటే ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే సెన్సర్. వేడికి లోపలి వైరు చుట్ట తెగినట్టయి సిగ్నల్ ఆగిపోతే, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఇ.సి.యు.కు ఇంజిన్ తిరుగుతున్న సంగతే తెలియదు, కాబట్టి స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చల్లదు. స్టార్ట్ కాని ఆ క్షణంలోనే స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడితే ఆర్.పి.ఎం. సుమారు 200 చూపాలి. సున్నా చూపితే తప్పు సెన్సర్‌దో దాని వైరింగ్‌దో. ఈ సెన్సర్ లోపాన్ని చెప్పే ఎర్రర్ కోడ్ పి0335 పడాలనే నియమం లేదు. కోడ్ లేదు కాబట్టి లోపం లేదనే వాదన ఇక్కడే తప్పుతుంది.

రెండోది పెట్రోల్ ప్రెజర్. ఇంజిన్ ఆపాక కూడా ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టంలో, అంటే రైల్‌లో, ఒత్తిడి చాలాసేపు నిలవాలి. పంపులోని వన్‌వే వాల్వ్ కారితే ఒత్తిడి పడిపోయి, వేడికి పెట్రోల్ ఆవిరవుతుంది. స్టార్టర్ కొట్టకుండా కీని రెండు మూడు సార్లు ఆన్ చేసి, ప్రతిసారీ పంపు చప్పుడు ఆగేదాకా ఉంచి, అప్పుడు సెల్ఫ్ కొడితే అందుకుంటే అనుమానం ఈ వాల్వ్ మీదే. అలా కాక యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొడితేనే అందుకుని, పెట్రోల్ వాసన గుప్పుమంటే, ఇంజెక్టర్ కారుతోందని అనుమానించాలి. ఇవి ఎవరైనా చేయగల పరీక్షలు. వీడియో తీసి పెట్టుకోండి. వైరింగ్ మాత్రం బయటి మెకానిక్‌తో విప్పించకండి, వారంటీ నిరాకరించడానికి అదే సాకవుతుంది.

జాబ్ కార్డులో 'స్టార్టింగ్ ట్రబుల్' అన్న రెండు మాటలకు ఒప్పుకోవద్దు. 'ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, ఆపిన 15 నిమిషాలకు స్టార్ట్ కాదు, స్టార్టర్ తిరుగుతుంది' అని రాయించండి. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం పూట నడిపి, స్కానర్‌తో అక్కడే చూడమనండి. మార్చిన ప్రతి పార్టూ బిల్లులో, లేదా వారంటీ జాబ్ కార్డులో, పేరుతో ఉండాలి. ఫోన్ కంటే ఈమెయిల్ మేలు. పాత జాబ్ కార్డులన్నీ జతచేసి, వేడి మీద రైల్ ప్రెజర్ రీడింగ్ ఎంత, క్రాంకింగ్‌లో ఆర్.పి.ఎం. ఎంత అని రెండే ప్రశ్నలు అడగండి. ఈ రెండింటికీ జవాబివ్వకుండా టికెట్ మూయడం వాళ్లకు కష్టం.

అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ హెడ్ ఆఫీసున్న నగరానికి పోనక్కర్లేదు. గడువు రెండేళ్లు. బండికి చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల మధ్యైతే 200 రూపాయలు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే వస్తువును ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ పరీక్ష ఇంజిన్ వేడి మీదే జరగాలని పిటిషన్‌లోనే కోరండి.