యూ0121 కోడ్ చూపించి ఏబీఎస్ మాడ్యూల్ మార్చాలంటే వెంటనే ఒప్పుకోకండి

కారులో కమ్యూనికేషన్ ఫాల్ట్ ఉందని చెప్పి మీతో ఎవరైనా ఖరీదైన మాడ్యూల్ (కారులో ఒక్కో పనిని నడిపే చిన్న కంప్యూటర్) కొనిపించబోతుంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను కొన్నాను. దాని అవసరమే లేదని తర్వాత తెలిసింది. బిగించిన ఎలక్ట్రానిక్ పార్ట్ కదా, వెనక్కి తీసుకునేది లేదన్నారు.

మొదట్లో గతుకుల్లో వెళ్తున్నప్పుడే వచ్చేది. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసేది) లైటూ ట్రాక్షన్ (చక్రాలు జారకుండా చూసేది) లైటూ ఒక్కసారిగా వెలిగేవి, స్పీడోమీటర్ ముల్లు సున్నాకి పడిపోయేది, కాసేపటికి అన్నీ వాటంతటవే సర్దుకునేవి. పిల్లలు వెనక సీట్లో ఉండగా అలా జరిగితే ఎంత టెన్షన్‌గా ఉంటుందో చెప్పలేను. వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టారు, యూ0121 వచ్చింది. "ఏబీఎస్ మాడ్యూల్ పోయిందండీ, మార్చాల్సిందే" అన్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. మల్టీమీటర్ బయటికి తీయలేదు, ఒక్క వైరు కదిపి చూడలేదు. పైగా కోడ్‌లు చెరిపేశారు, ఏవేం వచ్చాయో రాసి కూడా ఇవ్వలేదు. కొత్త మాడ్యూల్, దానికి కోడింగ్, లేబర్, అన్నీ కట్టాను. మూడో రోజు మళ్లీ అదే గతుకు, అవే లైట్లు.

ఆ కోడ్‌కి అర్థం ఏబీఎస్ మాడ్యూల్ పాడైందని కాదు, దాని నుంచి కబురు అందడం లేదని. ఆ మాట చెప్పేది కూడా ఏబీఎస్ కాదు, ఇంజిన్ మాడ్యూలో మరొకటో. కబురు ఎందుకు అందలేదో కోడ్ చెప్పదు. మాడ్యూల్ నిజంగానే చచ్చిపోయి ఉండొచ్చు. దానికి కరెంటు అందకపోవచ్చు, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షన్) వదులై ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, వైర్లు కలిసే కప్లర్‌లోకి నీళ్లు పోయి పిన్నులు పచ్చబడి ఉండొచ్చు. బ్యాటరీ నీరసించి స్టార్టింగ్‌లో వోల్టేజ్ బాగా పడిపోయినా ఇలాంటి యూ కోడ్‌లు వస్తాయి.

రెండోసారి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన కోడ్‌లు చెరపకుండా, ముందు అన్ని మాడ్యూళ్లనీ స్కాన్ చేసి ఏవి పలుకుతున్నాయో చూశారు. ఏబీఎస్ ఒక్కటే మధ్యమధ్యలో మాయమవుతోంది. మిగతావన్నీ మాట్లాడుకుంటున్నాయంటే మెయిన్ లైన్‌లో, అంటే మాడ్యూళ్లు మాట్లాడుకునే క్యాన్ అనే రెండు వైర్ల లైన్‌లో, షార్ట్ లేనట్టే అన్నారు. షార్ట్ ఉంటే చాలా మాడ్యూళ్లు ఒకేసారి మూగబోతాయట. అయినా వదల్లేదు. బ్యాటరీ టెర్మినల్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, స్టీరింగ్ కింద ఉండే డయాగ్నస్టిక్ సాకెట్‌లో 6వ పిన్నుకీ 14వ పిన్నుకీ మధ్య కొలిచారు. 60 ఓమ్‌లు. క్యాన్ లైన్‌కి రెండు చివర్లా చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, రెండూ కలిసి 60 చూపిస్తాయి. 120 చూపిస్తే ఎక్కడో వైరు తెగిందని లేదా ఒక రెసిస్టర్ పోయిందని, సున్నాకి దగ్గరైతే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. మధ్యలో గేట్‌వే (లైన్ల మధ్య కబుర్లు అటూ ఇటూ పంపే మాడ్యూల్) ఉన్న కొన్ని కార్లలో సాకెట్ దగ్గర ఈ లెక్క కుదరదు, వాటికి వైరింగ్ డయాగ్రమ్ చూడాల్సిందే. క్యాన్ కొత్త వింతేమీ కాదు, బాష్ కంపెనీ 1986లోనే బయటపెట్టింది. మామూలు మల్టీమీటర్‌తో అయ్యే ఈ పరీక్ష మొదటి చోట ఎందుకు చేయలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏబీఎస్ కప్లర్‌లోని ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజ్ చూశారు. 0.1 వోల్ట్ లోపే ఉండాలన్నారు. వైరింగ్ కదిపినప్పుడల్లా అది 2 వోల్ట్‌లు దాటి ఎగురుతోంది. ఆ ఎర్త్ బోల్టు బ్యాటరీ ట్రే కింద తుప్పు పట్టి వదులైపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా మాడ్యూల్‌కి కరెంటు తెగి అది రీసెట్ అవుతోందన్నమాట. గరుకు కాగితంతో రుద్ది, కొత్త బోల్టు బిగించారు. అంతే.

అందుకే చెబుతున్నా. కోడ్‌లు చెరపక ముందే అన్ని మాడ్యూళ్ల స్కాన్ రిపోర్ట్ తీసుకోండి. మాడ్యూల్ మార్చాలంటే దాని కప్లర్ దగ్గర సప్లై ఎంత, ఎర్త్ డ్రాప్ (ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజ్) ఎంత, లైన్‌లో ఓమ్‌లు ఎన్ని అని అడిగి జాబ్ కార్డ్ మీద రాయించుకోండి. బయట బిగించిన అలారం, స్టీరియో, ట్రాకర్ లాంటివి ఉంటే ముందే చెప్పండి. వాటి వైర్లు క్యాన్ లైన్‌కి కలిపి ఉంటే ముందు వాటిని విప్పించి చూడాలి. పాత పార్ట్ మీకే ఇవ్వాలని మొదటి రోజే చెప్పండి. నేను చెప్పలేదు. వారం తర్వాత వెళ్లి అడిగితే స్క్రాప్‌లో పడేశామన్నారు, అది బాగానే పనిచేస్తుండేదని రుజువు చేయడానికి నా దగ్గర ఇప్పుడేమీ లేదు.